పత్తి పండించే చేతులకు కట్టుగుడ్డ కరువు

పత్తి పీకిన చేలో మోడు కాల్లో దిగడం మనకు వార్త కాదు. మిరపకాయలు కోసి కోసి వేళ్ళు మండి, గోళ్ళ పక్కన చర్మం పగలడం వార్త కాదు. మందు కొట్టే డబ్బా కారి వీపంతా బొబ్బలెక్కడం వార్త కాదు. గుంటూరు కోల్డు స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్ళు రాత్రిపూట చేత్తో అన్నం కలుపుకోలేకపోవడం కూడా వార్త కాదు. పత్రికలకు వార్త ఎప్పుడవుతుందంటే క్వింటాలు మిర్చికి రేటు పెరిగినప్పుడు, లేదంటే పడిపోయినప్పుడు. కూలి మనిషి చేతికీ కాలికీ ఏ యార్డులోనూ రేటు పలకదు.

ఈ సంచికలో మేం ఒక కాలు గురించి రాస్తున్నాం.

మా పక్క పల్లెలో ఒక తల్లి. వయసు యాభై లోపే. షుగరు జబ్బు ఉందని తెలుసు, బిళ్ళలు ఉన్నప్పుడు వేసుకునేది, లేనప్పుడు లేదు. అరికాళ్ళు తిమ్మిరి. పత్తికట్టె పీకే పనికి పోయి మోడు తొక్కింది. తొక్కినట్టు ఆమెకు తెలవలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నీళ్ళు ఎర్రగా కనబడ్డయ్. పసుపు అద్దుకుని తెల్లారి మళ్ళీ పనికి పోయింది. పోక ఏం చేస్తది? ఐదో రోజున వాపు చూసుకుని సబ్ సెంటరుకు పోయింది. అక్కడ నర్సమ్మ ధనుర్వాతం ఇంజెక్షను ఇచ్చింది, స్పిరిట్టు పోసి తుడిచింది, ఫోనులో డాక్టరును కలిపింది. డాక్టరు ముఖం చూశాడు, కాలు చూడలేదు. ఐదు రోజులకు బిళ్ళలు రాశాడు. పుండు లోతెంత, లోపల పుల్ల మిగిలిందా, ఎముక తగులుతుందా, పాదంలో నాడి కొట్టుకుంటుందా - ఈ నాలుగు ప్రశ్నల్లో ఒక్కటీ ఎవరూ అడగలేదు. మూడు వారాలకు బొటనవేలు నల్లబడింది. పెద్దాసుపత్రికి తీసుకుపోతే మోకాలి కింద తీసేశారు. ఏ ఊరి సెంటరో, ఏ ఆసుపత్రో మేం రాయడం లేదు. రాస్తే ఆ ఒక్క చోటే తప్పు జరిగిందనుకుంటారు.

మేం ఆ నర్సమ్మ దగ్గరకు పోయాం, కోపంతోనే పోయాం. ఆమె అన్న మాట విని మా కోపం వేరే దిక్కు తిరిగింది. "అన్నా, నా చదువంతటిలో షుగరు పుండు చేత్తో శుభ్రం చేసింది ఒక్కసారి. అదీ పక్కన నిలబడి చూశాను. ఇక్కడ రోజూ ఎంట్రీలే. యాప్‌లో ఎంట్రీ చెయ్యకపోతే మెమో వస్తది, పుండు చూడకపోతే ఏ మెమో రాదు." ఆమె కూడా మన పేట పిల్లే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పల్లె నర్సులకు ట్రైనింగులిస్తాం, దూరాన ఉన్న పెద్ద డాక్టర్లను ఫోనులో చూపిస్తాం, ఇక పేదోడికి పట్నం పోయే పని లేదు - ఈ మాట కొన్నేళ్ళుగా వింటున్నాం. 2018లో ఆయుష్మాన్ భారత్ అన్నారు, సబ్ సెంటర్లను హెల్త్ అండ్ వెల్‌నెస్ సెంటర్లన్నారు. మన రాష్ట్రంలో వైఎస్సార్ విలేజ్ హెల్త్ క్లినిక్కులన్నారు. 2023లో ఢిల్లీ వాళ్ళు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాలన్నారు. బీఎస్సీ నర్సింగు చదివిన పిల్లల్ని కాంట్రాక్టు మీద తెచ్చి కూర్చోబెట్టారు. 2019 నవంబరు నుంచి ఈ-సంజీవని వచ్చింది: సెంటరులో నర్సు, హబ్బులో డాక్టరు, మధ్యలో తెర. 2023 ఏప్రిల్ 6న చిలకలూరిపేట పక్కన లింగంగుంట్లలోనే ఫ్యామిలీ డాక్టరు పథకం మొదలుపెట్టారు. బోర్డులకు రంగులు మారినయ్, పేర్లు మారినయ్. బోర్డు కింద బల్ల మీద గాజుగుడ్డ ఉందా అని అడగండి. ఉప్పునీళ్ళ సీసా ఉందా? కత్తెర ఉందా, ఉంటే ఉడకబెట్టే గిన్నె ఉందా?

మేం ఫోనుకు వ్యతిరేకం కాదు. ట్రైనింగుకు అంతకన్నా కాదు. మేం చెప్పేది ఏందంటే, ఫోనులో మందు రాయడం వేరు, ఫోనులో చెయ్యి నేర్పడం వేరు. మొదటిదాంట్లో రోగి వస్తాడు, పోతాడు, నర్సు ఎక్కడున్నదో అక్కడే ఉంటది. రెండోదాంట్లో నర్సు ఎదుగుతది. మన ప్రభుత్వాలు మొదటిది చేసి రెండోదాని పేరు పెట్టుకుంటున్నయ్.

రెండోది జరగనిదేం కాదు. 2003లో అమెరికాలో న్యూ మెక్సికో అనే రాష్ట్రంలో, మన దేశం నుంచి పోయిన సంజీవ్ అరోరా అనే డాక్టరు ఒక పని చేశాడు. కామెర్ల జాతి జబ్బు హెపటైటిస్ సి. దాన్ని చూసే పెద్ద డాక్టరు దగ్గరకు రావాలంటే పల్లె రోగులు నెలలు ఆగాలి, వందల మైళ్ళు రావాలి. ఆయన రోగుల్ని పిలవలేదు. పల్లెల్లో ఉన్న వైద్య సిబ్బందినే వారం వారం వీడియోలో కూర్చోబెట్టాడు. వాళ్ళే తమ కేసు చెప్పాలి, అందరూ దాని మీద మాట్లాడాలి, వచ్చే వారం ఏమైందో మళ్ళీ చెప్పాలి. 2011లో లెక్క తీస్తే, పల్లెలో వైద్యం పొందినవాళ్ళకూ యూనివర్సిటీ ఆసుపత్రిలో పొందినవాళ్ళకూ జబ్బు నయమైంది దాదాపు సమానంగా. ఆ పద్ధతిని ఎకో అంటారు, ఇప్పుడు మన దేశంలోనూ నడుస్తోంది. షుగరు కాళ్ళ విషయంలో కూడా 2004 ప్రాంతంలో మన దేశంలో స్టెప్ బై స్టెప్ అని ఒకటి జరిగింది. డాక్టరునూ నర్సునూ జంటగా పిలిచి, పనిముట్లు చేతికిచ్చి నేర్పి, పోయి చేసుకుని రమ్మని, మళ్ళీ పిలిచి ఇంకా నేర్పారు. జంటగా అన్న మాట గుర్తుపెట్టుకోండి. డాక్టరుకు ఏసీ హాలు, నర్సుకు సెల్లులో వీడియో అని విడదీయలేదు.

ఇంకో సంగతి మన జనానికి తెలియాలి. పాదం పుండుకు ఇవాళ ప్రపంచమంతా చేసే మంచి వైద్యం ఎక్కడ ఎదిగింది? మన పక్కనే, వెల్లూరులో. 1946లో అక్కడికి వచ్చిన పాల్ బ్రాండ్ అనే డాక్టరు కుష్ఠు రోగుల కాళ్ళు పరీక్షించి తేల్చాడు: రోగం పాదాన్ని తినడం లేదు. స్పర్శ పోయింది గనక నొప్పి తెలవక, అదే చోట బరువు మోపి నడిచి నడిచి పుండు పడుతోంది. పిండికట్టు వేసి ఆ చోట బరువు తీసేస్తే మానని పుండు మానింది. మెత్తని రబ్బరు చెప్పులు చేయించాడు. 1966లో ఆయన అమెరికా పోయాడు, ఆ పిండికట్టు విద్య షుగరు రోగులకు పనికొచ్చింది. అంటే ఏంది? ఊరవతలకు నెట్టేసిన కుష్ఠు మనుషుల పాదాల మీద నేర్చుకున్న విద్య అది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ వాళ్ళ కుష్ఠు ఆసుపత్రి తెలియనివాళ్ళు మన దిక్కున లేరు. విద్య మన వాకిట్లోనే ఉంది. మన సబ్ సెంటరులో లేదు.

ఎందుకు లేదు? మా జవాబు కొందరికి నచ్చదు. పుండు ముట్టుకునే పని ఈ దేశంలో తక్కువ పని. చీము, రక్తం, మలం, శవం - ఇవి ఎవరి వాటాకు వచ్చినయ్యో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1883లో అన్నా కూగ్లర్ అనే డాక్టరమ్మ గుంటూరు వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిచినప్పటి మాట చూడండి. మిషనాసుపత్రుల్లో నర్సు పనికి ముందు వచ్చింది ఎవరు? క్రైస్తవంలోకి పోయిన మాల మాదిగ ఇళ్ళ ఆడపిల్లలు. తక్కిన కులాల వాళ్ళు తమ పిల్లల్ని పంపడానికి సిగ్గుపడ్డారు, జీతం ప్రభుత్వ జీతమైనాక ఆ సిగ్గు పోయిందనుకోండి. ఇవాళ్టికీ ఏ పెద్దాసుపత్రికైనా పొండి. డ్రెస్సింగు రూములో కట్టు విప్పేదెవరు? ఎంఎన్ఓ, ఎఫ్ఎన్ఓ, వార్డు బాయి, ఆయా. వాళ్ళ పేరు అడగండి, పేట అడగండి. ముప్పై ఏళ్ళు కట్లు కట్టిన మనిషికి చీము వాసన చూస్తేనే ఇది లోతు పోయింది అని తెలుసు. ఆ తెలివికి కాగితం లేదు. కాగితం ఉన్న వాళ్ళకు ఆ తెలివి లేదు. ఈ రెండిటినీ కలిపే ట్రైనింగు ఒక్కటి చూపించండి, మేం ఆ అధికారికి దండ వేస్తాం.

2006లో అచ్చయిన ఒక సర్వే ఉంది, 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం లెక్కగట్టారు, మన రాష్ట్రం కూడా అందులో ఉంది. నూటికి 33 గ్రామాల్లో ఆరోగ్య సిబ్బంది దళితుల ఇళ్ళకు పోవడం లేదని తేలింది. ఇరవై ఏళ్ళ కిందటి మాటే. ఇప్పుడు అట్లా లేదంటారా? అయితే సంతోషం. కాని మాకు ఒక భయం ఉంది, దాచకుండా చెబుతున్నాం. రేపు సెల్లు ఒక కొత్త దూరం కాగూడదు. అప్పుడు వాకిట్లో నిలబెట్టి మందు పైనుంచి పడేసేవాళ్ళు. ఇప్పుడు ఫోటో తీసి పంపి, ముట్టుకోకుండా బిళ్ళలు చేతిలో పెడితే తేడా ఏముంది?

ఫోటోకు వాసన రాదు. వేడి తెలవదు. ఇంకో ముఖ్యమైన సంగతి, మన చర్మం నలుపు. పుస్తకాల్లో పుండు బొమ్మలు ఎక్కువ తెల్లతోలు మీదవే. చుట్టూ ఎర్రబడితే చీము పడుతున్నట్టు అని రాసుంటది. మన నల్ల తోలు మీద ఎరుపు తేటగా కనబడదు. ముదురు రంగు తిరుగుతది, నిగనిగలాడతది, వేడెక్కుతది, గట్టిపడతది. అరచెయ్యి తిప్పి చేతి వెనకభాగంతో ఈ కాలూ ఆ కాలూ తాకి చూస్తే గాని తెలవదు. ఎర్రగా లేదు, ఏం పర్లేదు అని తెర మీద చెప్పే డాక్టరు మాట నమ్మి ఎంతమంది కాళ్ళు పోయినయ్యో. నల్లతోలును ముట్టి చూడడం నేర్పని ట్రైనింగు మాకొద్దు.

కాబట్టి దూరాన ఉన్న డాక్టరు కళ్ళు కావాలి, దగ్గరున్న నర్సు చెయ్యి కావాలి. చెయ్యి మొదట. కనీసం పది పదిహేను రోజులు డ్రెస్సింగు రూములో, నేర్చినవాళ్ళ పక్కన నిలబడి చెయ్యాలి. చచ్చిన మాంసం ఎట్లా తియ్యాలి, ఎక్కడ ఆగాలి. స్పిరిట్టు, హైడ్రోజన్ పెరాక్సైడు పుండులో పోస్తే వచ్చే కొత్త మాంసం కూడా చస్తదని, కాచి చల్లార్చిన నీళ్ళో సెలైనో చాలునని తెలియాలి. దూది నేరుగా పుండు మీద పెడితే పోగులు అంటుకుంటయ్, గాజుగుడ్డ పెట్టాలి. (పత్తి పండించే మనమే పుండు మీద పచ్చి దూది పెట్టుకుంటున్నాం, ఇంటి దగ్గర కూడా మానుకోండి.) సన్న నైలాను పోగుతో అరికాలు గుచ్చి స్పర్శ చూడడం ఐదు నిమిషాల పని. కాళ్ళు తీసేసిన షుగరు రోగుల్లో నూటికి 85 మందికి ముందు ఒక చిన్న పుండే మొదలు. ఆ చిన్న పుండు ముందుగా కనిపించేది గుంటూరు సర్జనుకు కాదు, మా ఊరి నర్సుకు.

ఆ తర్వాత ఫోను. పగటి వెలుతురులో, పక్కన స్కేలో రూపాయి బిళ్ళో పెట్టి ఫోటో. వారానికొకసారి అదే కోణంలో. అప్పుడు పుండు చిన్నదవుతుందా పెద్దదవుతుందా ఇద్దరికీ తెలుస్తది. నాలుగు వారాల్లో సగానికి తగ్గకపోతే ఎక్కడో తప్పు జరుగుతుందని అర్థం, అప్పుడు అడగాలి. నల్లబడినా, జ్వరమొచ్చినా, నాడి అందకపోయినా అడగడం కూడా అనవసరం, బండి ఎక్కించాలి. ఎక్కించమని చెప్పే అధికారం నర్సుకుండాలి, ఆమె చీటీ చూపిస్తే పెద్దాసుపత్రిలో లైను లేకుండా చూడాలి. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రోజే జవాబు రావాలి. రెండు నీలం గీతలు పడి మూడు రోజులైనా పలుకు లేకపోతే అది ఏం అండ?

మన ఆడవాళ్ళ ఒంటి ఫోటోలు ఎవరి సెల్లులో ఉంటాయో కూడా అడగండి. ఒప్పుకున్నాకే తియ్యాలి, వైద్యానికి తప్ప పోగూడదు. దాడుల్లో దెబ్బతిన్న మన పిల్లల ఒళ్ళు ఊరూరా గ్రూపుల్లో తిరగడం మనం చూశాం.

దాడుల మాట వచ్చింది గనక. 1985 జూలై 17న కారంచేడు నుంచి నెత్తుటి ఒళ్ళతో చీరాల చేరిన జనం, 1991 ఆగస్టు 6న చుండూరులో నరికి గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేసిన ఎనిమిదిమంది - ఇవి మనం మరిచిపోయేవి కావు. చుండూరులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కోర్టులో మన మాట ఎంతవరకు నిలుస్తదో అప్పుడు తెలిసింది. ఏ అట్రాసిటీ కేసులోనైనా మాట పడిపోయిన చోట నిలిచేది గాయం. వూండ్ సర్టిఫికెట్టు మీద సంతకం డాక్టరుది, నిజమే. కాని అర్ధరాత్రి మొదట చూసేది నర్సు, రక్తం కడిగేది నర్సు, కేసు షీటులో మొదటి గీత గీసేది నర్సు. ఎడమ భుజం మీద ఇన్ని సెంటీమీటర్ల పొడుగు, ఇంత లోతు, అంచులు తెగినట్టున్నయ్యా చితికినట్టున్నయ్యా - ఇది కడగక ముందే రాసిపెట్టే నేర్పు ఆమెకుంటే, 'కింద పడ్డాడు' అని తర్వాత రాయించడం పెత్తందారుకు కష్టమవుతది. 2024 జూలై 1 నుంచి వచ్చిన న్యాయ సంహితలో తీవ్రగాయం అనడానికి పాత చట్టంలో ఉన్న 20 రోజులను 15 రోజులు చేశారు. ఎన్ని రోజులు పనికి పోలేకపోయాడో రుజువు కావాలంటే తారీఖులు వేసిన కట్టు రిజిస్టరు కావాలి. మన కార్యకర్తలు దీన్ని చిన్న విషయం అనుకోవద్దు.

అనుకుంటున్నారు మరి. మన సంఘంలోనే ఒక మిత్రుడు, 'భూమి కోసం, ఆత్మగౌరవం కోసం కొట్లాడేవాళ్ళకు నర్సుల ట్రైనింగు దేనికి? అది ప్రభుత్వం పని, ఎన్జీవోల పని' అన్నాడు. అన్నా, నీ మాట మాకు అర్థమైంది. ఎన్జీవోలు హోటల్లో మీటింగు పెట్టి బ్యాగులు పంచి సర్టిఫికెట్లిచ్చి ఫోటోలు దిగి పోవడం మేమూ చూశాం. అందుకే మనం అడగాలంటున్నాం. కారంచేడులో గొడవ దేనితో మొదలైంది? మనం తాగే నీళ్ళ చెరువు దగ్గర బర్రెలు కడిగిన నీళ్ళతో. ఆ రోజు అది చిన్న విషయమే అన్నవాళ్ళున్నారు.

ఇంకొకటి. "కాలు కింద పెట్టొద్దమ్మా, నెల రోజులు" అని నర్సు చక్కగా చెబుతది, అదే సరైన వైద్యం. నెల రోజులు కాలు కింద పెట్టకపోతే పొయ్యి మీద కుండ ఎవరు పెడతారు? ఫ్యాక్టరీ కార్మికుడికి 1948 చట్టంతో ఇఎస్ఐ వచ్చింది, జబ్బు పడితే ఎంతో కొంత జీతం వస్తది. చేలో కూలికి అది లేదు. ఆదోని, కోసిగి దిక్కు నుంచి మిరపకోతలకు వచ్చి చేలగట్ల మీద డేరాలేసుకుని ఉండేవాళ్ళకు సెంటరు ఎక్కడుందో కూడా తెలవదు. కాలు తీసేసే ఆపరేషనుకు పథకంలో డబ్బుంది. కాలు తీయకుండా కాపాడే నెల రోజుల కూలికి ఏ పథకంలోనూ డబ్బు లేదు. ఎంత నేర్చిన నర్సయినా ఈ గోడకు తలకొట్టుకోవాల్సిందే, ఈ గోడ కూల్చే పని ఆమెది కాదు, మనది. పనిలో దెబ్బ తగిలితే మానేదాకా కూలి ఇప్పించే చట్టం అడుగుదాం. చేలో దెబ్బ తగిలిన రోజున వైద్యం ఖర్చు, మానేదాకా సగం కూలి ఆసామి ఇవ్వాలని కోతలకు ముందే మాట్లాడుకుని పోదాం, గుంపు మేస్త్రీలు ఈ మాట మీద నిలబడాలి.

ఆర్‌ఎంపీల గురించి ఒక్క ముక్క. వాళ్ళు రాత్రి పిలిస్తే వస్తారు, మన మంచం మీద కూర్చుంటారు, ముట్టుకుంటారు. అందుకే జనం వాళ్ళ దగ్గరకు పోతున్నారు, తిట్టి లాభం లేదు. కాని షుగరు పుండుకు వాపు తగ్గుతుందని స్టెరాయిడు ఇంజెక్షను చేయించుకోవద్దు. అది షుగరును లేపుతది, పుండును మాననివ్వదు.

మిత్రులారా, ఈ పక్షంలో మీ మీ ఊళ్ళలో ఒక పని చెయ్యండి. నలుగురు కలిసి సబ్ సెంటరుకు పొండి. కొట్లాటకు కాదు, నర్సమ్మను కూర్చోబెట్టి అడగండి: అమ్మా, పుండు కట్టడం నీకు చేత్తో ఎవరు నేర్పారు? ఎన్ని రోజులు? సందేహం వస్తే ఎవరికి ఫోను చేస్తావు, వాళ్ళు ఎత్తుతారా? గాజుగుడ్డ, సెలైను, గ్లౌజులు నెలకెన్ని వస్తున్నయ్, ఎన్ని రోజుల్లో అయిపోతున్నయ్, అయిపోయినాక ఎవరి డబ్బుతో కొంటున్నావు? కాంట్రాక్టు జీతం నెలనెలా వస్తుందా? ఆమె చెప్పింది చెప్పినట్టు రాయండి, ఆమె పేరు మాత్రం రాయకండి, ఉద్యోగం పోతది. మీ పేటలో మానని పుండుతో ఉన్నవాళ్ళు ఎంతమందో, ఎన్ని నెలల నుంచో, అది కూడా రాయండి. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం నాలుగు జిల్లాల కాగితాలు కలిపి కలెక్టర్ల ముందు పెడదాం. కాలు పోయిన ఆ తల్లి తనే ముందు వస్తానంది. బండి మాట్లాడే బాధ్యత మా మండల కమిటీ తీసుకుంది.